రెక్కల సింహం పాట

కోటప్పకొండ తిరునాళ్లకు వెదురుతో కట్టే ఎత్తైన ప్రభ మీద పేరయ్య గీసిన రెక్కల సింహం మొదటిసారి ఎక్కిన ఏడు, ఊరి పెద్దలు ఆయన మీద విరుచుకుపడ్డారు. "శివుడి ప్రభ మీద ఇదేందిరా? సింహమా, గద్దా?" అని చెంచయ్య నిలదీస్తే, "కైలాసంలో కాపలా ఉంటదిలే మావా" అన్నాడు పేరయ్య గడుసుగా. కోటప్పకొండ దగ్గర జనం మాత్రం మెడలు నొప్పి పుట్టేదాకా దాన్నే చూశారు. మరుసటి ఏడు పక్కూరి ప్రభ మీదా రెక్కల సింహమే! అడక్కుండా కాపీ కొట్టడంలో మన ఊళ్లను మించినవి లేవు.

ఆ బొమ్మ ఆయనకు గుంటూరులో ఒక క్యాసెట్ల కొట్టులో దొరికింది. అది ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్. టేపు చిక్కుపడి తెగిపోతే కొట్టువాడు ఖాళీ డబ్బా ఇచ్చేశాడు. అట్ట మీద మంచుకొండ, దాని కొమ్మున నోరు తెరిచిన రెక్కల సింహం. పేరు చదవడం రాదు, పాట వినే దారి లేదు.

"ఇంతకీ ఇది ఏం పాట పాడుద్దయ్యా?" అని రంగులు కలుపుతూ అడిగింది భార్య కోటిరత్నం. పేరయ్య ఊరుకుంటాడా! అప్పటికప్పుడు ఒక వరస కట్టి సింహంలా గర్జిస్తూ గొంతు చించుకున్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. ఇక ఏటా శివరాత్రి ముందు బొమ్మ గీసే గుడ్డ పరిచినప్పుడల్లా అదే పాట, అదే నవ్వు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

నిరుడు కోటిరత్నం పోయింది. ఈ ఏడు పేరయ్య ఒంటరిగా రంగులు కలుపుకుంటుంటే, ఆయన అన్న కొడుకు, డీజే బాక్సులు అద్దెకిచ్చే లక్ష్మీకాంత్ వచ్చి ఆ అట్టను ఫోనుతో ఫొటో తీసి నెట్‌లో వెతికాడు.

"బాబాయ్, పాట దొరికింది! పెట్టనా?"

పేరయ్యకు వినాలని ఎన్నేళ్ల కోరికో. కానీ అసలు పాట చెవిన పడితే కోటిరత్నాన్ని నవ్వించిన పాట చెదిరిపోతుందేమోనని భయం. ఆమె నవ్వు ఆయనకు ఆ వరసలోనే మిగిలింది. చేతిలో కుంచె పక్కన పెట్టి, "పెట్టు" అన్నాడు.

గర్జన లేదు. గిటారు మెల్లగా మొదలైంది. ఎవరో దిగులుగా పాడుతున్నారు. మాట అర్థం కాకపోయినా పేరయ్యకు కళ్లు చెమర్చాయి. చివరిదాకా కదలకుండా విన్నాడు.

"ఎట్టా ఉంది బాబాయ్?"

"బాగుందిరా. కానీ అప్పుడు వినకపోవడమే మంచిదైంది. విని ఉంటే మీ పిన్ని అంత నవ్వేది కాదు."