సగంలో ఆగిన గీత

మా నాయిన చెయ్యి అంత చురుకైన చెయ్యి ఆయన నేసే కార్ఖానాలో ఇంకొకటి లేదు. పవర్లూమ్‌ను మేం సాంచా అంటాం. దాని మీద ఒక్క పోగు తెగినా ఆయన చెయ్యి కంటికంటే ముందే స్విచ్ మీద పడేది. ఆపకుండా నడిపిస్తే నేస్తున్న చద్దర్ దుప్పటంతా పాడవుతుంది మరి. ఆ చెయ్యే నా కొంప ముంచింది. కాదు, ముంచుకున్నది నేనే.

అదే కార్ఖానాలో నేను కంప్యూటర్ మీద చద్దర్ల డిజైన్లు వేసేదాన్ని. మా నీలం నగర్ గల్లీలో ఆడపిల్ల అంటే బీడీలే. అమ్మ చుట్టింది, అక్క చుట్టింది. నేనొక్కదాన్నే ఒళ్ళోంచి బీడీల చాట దించి కీబోర్డు పట్టాను. అలాంటిది, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని టీవీలో విని కార్ఖానా యజమానికి, మా మాలక్‌కు, గుబులు పట్టుకుంది.

"జనవరిల ఇది బంద్ పడ్డదంటే నువ్వు గూడ ఇంటికే. పోయి బీడీలు చేస్కో, సమజైందా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. అశోక్ చౌక్‌లో కంప్యూటర్లు బాగుచేసే అన్న దగ్గరికి పరుగెత్తాను. మీట నొక్కగానే కంప్యూటర్‌లో అన్నిటికంటే ముందు లేచేది బయోస్ అనే ప్రోగ్రాం అని ఆయనే చెప్పాడు. పొద్దున్నే వచ్చి సాంచాలన్నీ సరిచూసి నడిపించే జాబర్ లాంటిదన్నమాట. తారీఖు కూడా దాని చేతిలోదే.

"నీ బయోస్ పాతది. సాల్ మారినంక తారీఖు చేతితోని మార్చుకో, బస్. మంచిగ నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవు చెల్లె? కొత్తది ఎక్కిస్తుంటే నడుమల కరెంట్ పోయిందనుకో, బోర్డు ఖతం. మళ్ళ లేవదు."

ఎంత మంచి మాట! వింటే కదా. తారీఖు మారిస్తే చాలంటే మాలక్ నమ్ముతాడా? ఏదో పెద్ద పని చేసినట్టు కనబడాలి. చేద్దామా వద్దా అని మూడు రోజులు కొట్టుకులాడి, చివరికి కొత్త బయోస్ ఉన్న ఫ్లాపీ ఆయన్నే అడిగి తెచ్చుకున్నాను. భయంతో చేసిన పని అది, తెలివితో కాదు.

నా బెంగంతా కరెంటు గురించే. పొద్దుటి కోత అయిపోయి కరెంటు వచ్చాక మొదలుపెట్టాను. ఎవరైనా మెయిన్ స్విచ్ ముడతారేమోనని దాని ముందు నేనే కాపలా నిలబడదామనుకున్నాను. మరి కంప్యూటర్ దగ్గర ఎవరు? నాయిన సాంచా ఆపించి పిలుచుకొచ్చి, తెర మీద మెల్లగా నిండుతున్న గీత చూపించాను.

"నాయినా, ఈ గీత నిండేదాంక ఎవ్వర్ని ముట్టనియ్యకు."

"నేనున్న గద బిడ్డా, నువ్వు పో."

నువ్వు కూడా ముట్టుకోకు అని చెప్పలేదు. ఆ ఒక్క మాట, అయ్యో, ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

కాసేపటికి నాయినే నా దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గీత సగంల ఆగింది బిడ్డా. జరసేపు చూసిన, కదుల్తలేదు. ఖరాబ్ కాకముందే జల్ది బంద్ చేసిన."

పరుగెత్తాను. మీట నొక్కాను. లోపల ఫ్యాన్ తిరిగింది గాని తెర నల్లగానే ఉంది. పదిసార్లు నొక్కాను.

"పోగు తెగినంక నడిపిస్తే బట్టంత పాడైతది గద?" అన్నాడు నాయిన, ఏమీ అర్థంకాక.

"ఇది సాంచా కాదు! తెల్వనిదాన్ని ఎందుకు ముట్టినవ్? నీ చెయ్యి ఊకుండదా?"

అందరూ సాంచాలు వదిలి చూస్తున్నారు. ఆయన మీద నేను గొంతు లేపింది అదొక్కసారే. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

మాలక్ వచ్చి ఎవరు బంద్ చేశారని అడిగాడు. నాయిన నోరు తెరవబోయాడు. ఆయన పని కూడా పోతే ఇల్లు గడిచేదెలా? "నేనే" అన్నాను. మర్నాడు అమ్మ పక్కన చాట పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి వచ్చింది. అశోక్ చౌక్‌లోని ఆ అన్న పాత కంప్యూటర్లకు చేత్తోనే తారీఖు మార్చాడట, అన్నీ నడిచాయట. విని కడుపు మండి ఏడ్చాను.

ఆ వారంలోనే నాయిన ఒక చద్దర్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. నడుమ జానెడు మేర నేత పాడైంది. ఆయన నేసినదాంట్లో అంత తప్పు నేనెన్నడూ చూడలేదు. మాలక్ దాన్ని ఆయన మొహాన విసిరికొట్టాడట.

"పోగు తెగుడు చూసిన బిడ్డా. చూసిన గని చెయ్యి లేవలే" అన్నాడు. చద్దర్ నా ముందు పరిచి, చిన్న పిల్లాడిలా నన్నే అడిగాడు.

"బంద్ చెయ్యాల్నా, వద్దా?"