పెంచే స్కేలు

1985 జూన్‌లో నరసరావుపేటలో కాలువల పనులు చూసే ఒక వర్క్‌షాపులో ట్రేసరుగా చేరాను. డ్రాయింగు శాఖలో ట్రేసరుది చివరి కుర్చీ. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన దాని మీద పలచటి గుడ్డకాగితం పరిచి సిరాతో దిద్దడం మా పని. పైన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయన మీద అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన్ని అందరూ ఏఈ గారనేవాళ్లు. ఆ ఆవరణ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. మాట్లాడాల్సి వస్తే చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. రోజంతా మింగిన మాటలు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని డైరీలో రాసుకునేదాన్ని.

ఈ సంగతి అదే ఏడాది అక్టోబరులో జరిగింది. దీన్ని ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కారణం పోయిన ఏడాది మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో చూసిన ఒక త్రీడీ ప్రింటరు. దాని మాట చివర చెబుతాను.

ముప్పాళ్ల వైపు వెళ్లే ఒక పిల్లకాలువకి నీళ్లు వదిలే లాకు ఉంది. దాని షట్టరును పైకెత్తే గేరు చక్రం ఒక సోమవారం పగిలింది. రెండు పళ్లు ఊడిపోయి, అంచు నెర్రె విచ్చింది. అది బీడు చక్రం. బీడు అంటే పోత ఇనుము. దెబ్బ తగిలితే వంగదు, విరుగుతుంది. వెల్డింగు నిలవదు. అలాంటి చక్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. చైన్ పుల్లీ పెట్టి లాగితే షట్టరు రెండు జానలు లేచి బిగుసుకుపోయింది. ఆ కాలువకి నీళ్ల వంతు వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం మొదలవుతుంది. తొమ్మిది రోజుల వంతు. అది పోతే మళ్లీ మూడు వారాల దాకా లేదు. చివరి భూముల్లో వరి పొట్ట మీద ఉంది.

ఆ భూముల రైతు కోటయ్య రోజూ సైకిలు మీద వచ్చి వర్క్‌షాపు వసారాలో కూర్చునేవాడు. నేను మెట్లు దిగితే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏందమ్మాయ్, ఇంకా బొమ్మలే గీస్తన్నారా? కాయితం మీద చక్రం తిరిగితే నా మడి తడిసిద్దా?"

నేను తల వంచుకుని వెళ్లిపోయేదాన్ని. డైరీలో మాత్రం ఆయనకి పెద్ద జవాబే రాశాను.

ఆ రోజుల్లో ఒక చక్రం మళ్లీ చేయాలంటే దారి ఇది. పగిలిన చక్రాన్ని కొలవాలి. కొలతలతో డ్రాయింగు గీయాలి. డ్రాయింగు చూసి వడ్రంగి టేకుతో అచ్చం అలాంటి చక్రమే చెక్కుతాడు; దాన్ని ప్యాటర్ను అంటారు. ప్యాటర్నును తడి ఇసుకలో అదిమి తీస్తే గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన బీడు పోస్తారు. నలుగురి చేతులు మారితే గాని ఒక వస్తువు తయారు కాదు.

మా ప్యాటర్ను మేకరు మస్తాన్ సాయిబు. అరవై దగ్గర పడిన మనిషి. మేమంతా మస్తాన్ బాబాయ్ అనేవాళ్లం. ఆయన చేతిలో చెక్క కొయ్యలా ఉండేది కాదు, చెప్పిన మాట వినేది.

చక్రం శుక్రవారం మధ్యాహ్నం వర్క్‌షాపుకి వచ్చింది. డ్రాఫ్ట్స్‌మన్ సెలవులో ఉండడం వల్ల కొలతలు నన్ను తీసుకోమన్నారు. జీవితంలో మొదటిసారి ఇంకొకరి గీత మీద కాకుండా నా గీత గీయబోతున్నాను. నా స్కేలు మేడ మీద డ్రాయింగు గదిలో ఉండిపోయింది. దానికోసం మళ్లీ లేతు మిషన్ల మధ్య నుంచి, అంతమంది చూపుల్లోంచి నడిచి వెళ్లడానికి మనసొప్పలేదు. మస్తాన్ బాబాయ్ నమాజుకి వెళ్లాడు. ఆయన బల్ల మీద చెక్క స్కేలు ఒకటి ఉంది. అంగుళాలు, నూళ్లు చక్కగా గీసి ఉన్నాయి. అంగుళంలో ఎనిమిదో వంతుని మా వైపు నూలు అంటారు. దాంతోనే కొలిచాను. చక్రం అడ్డంగా ఇరవై మూడు అంగుళాల ఆరు నూళ్లు వచ్చింది. మిగతా కొలతలన్నీ అలాగే రాసుకున్నాను. డ్రాయింగు చూసి ఏఈ గారు సంతకం పెట్టారు.

మస్తాన్ బాబాయ్ బుధవారం సాయంత్రానికి ప్యాటర్ను ముగించాడు. గురువారం మాచర్లలో మేనకోడలి నిఖా ఉందని వెళ్లిపోయాడు. గురువారం ఉదయం ఏఈ గారు ఆ ప్యాటర్నుని తెప్పించి పాత చక్రం మీద పెట్టించారు. రెండూ ఒకటే. పన్నుకి పన్ను, అంచుకి అంచు. గోరు దూరేంత తేడా కూడా లేదు.

"అబ్బ! కవల పిల్లలు గదయ్యా!" అన్నాడు కోటయ్య. నా వైపు తిరిగి, "అమ్మాయ్, నీ బొమ్మని ఇన్నాళ్లూ ఎగతాళి జేసినా. ఏమనుకోమాక" అన్నాడు.

ఏఈ గారు మధ్యాహ్నం ఇసుక కట్టి పోత పోయమని ఫౌండ్రీకి చెప్పారు. ఆదివారానికి చక్రం లాకు మీద ఉంటుందన్నారు. నాకు ఒళ్లంతా తేలికైంది. సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

డబ్బా మూసి డైరీ తీశాను. "రెండూ సరిగ్గా సరిపోయాయి" అని రాశాను. రాసిన మాటను మళ్లీ చదువుకున్నాను. డిప్లొమాలో చదివిన పాఠం గుర్తొచ్చింది. కరిగిన బీడు చల్లారుతూ ముడుచుకుంటుంది, అడుగుకి ఒక నూలు చొప్పున. అందుకే ప్యాటర్ను అసలు వస్తువు కంటే ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. మా ప్యాటర్ను పెద్దదిగా లేదు. సరిగ్గా ఉంది. సరిగ్గా ఉంటే తప్పు.

డైరీలో వెనక పేజీలు తిప్పాను. చక్రం పగిలిన మర్నాడు ఏఈ గారితో లాకు దగ్గరికి వెళ్లినప్పుడు నా సంచీలోని అడుగు స్కేలుతో ఊరికే కొలిచి రాసుకున్నది కనిపించింది: "చక్రం అడ్డంగా రెండడుగులు. నా స్కేలు రెండుసార్లు సరిగ్గా పట్టింది." డ్రాయింగులో ఉన్నది ఇరవై మూడు అంగుళాల ఆరు నూళ్లు. రెండడుగుల మీద రెండు నూళ్లు మాయం.

కిందికి వెళ్లి మస్తాన్ బాబాయ్ బల్ల మీది స్కేలు పక్కన నా స్కేలు పెట్టాను. ఆయన స్కేలు మీది పన్నెండో గీత నా పన్నెండో గీత దాటి నూలు దూరంలో ఉంది. చీటీ రాద్దామని అలవాటుగా కాగితం కోసం కొంగు ముడి తడుముకున్నాను. ఫౌండ్రీ షెడ్డులో అప్పటికే ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చీటీ చదివే టైము లేదు.

ఏఈ గారు కోటయ్యతో మాట్లాడుతున్నారు. ఎదురుగా నిలబడ్డాను.

"సార్, ప్యాటర్ను చక్రానికి సరిపోయింది సార్."

"చూశాం గదమ్మా. బాగుంది."

"సరిపోకూడదు సార్."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నా డైరీ చేతికిచ్చాను. అందులో కోటయ్యకి రాసిన జవాబు కూడా ఉందన్న భయం అప్పుడు రాలేదు. ఆయన ఫౌండ్రీకి మనిషిని పంపి పని ఆపించారు. మస్తాన్ వచ్చేదాకా ఎవరూ ప్యాటర్నుని ముట్టుకోవద్దన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కోటయ్య మాత్రం ఊరుకోలేదు. "పొద్దున కవల పిల్లలంటిని, ఇప్పుడు మీరు చంపి మళ్లీ కంటామంటన్నారు. నీళ్లు మీకోసం ఆగుతయ్యా? నా వరి ఆగిద్దా?" అన్నాడు. అందులో తప్పు ఒక్క ముక్క లేదు.

శుక్రవారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. మాచర్ల బస్సు దిగి వస్తున్న మస్తాన్ బాబాయ్‌కి ఎదురెళ్లి రెండు స్కేళ్లూ చూపించాను. ఆయన తన స్కేలును చేతిలోకి తీసుకుని అంచు మీద చెక్కిన చిన్న నెలవంక గుర్తు చూపించాడు.

"దీంతో కొలిచినావా? అయ్యో, ఇది కొలిచే స్కేలు గాదమ్మాయ్, పెంచే స్కేలు. బీడు ముడుచుకునేదంతా ముందే ఇందులో పోసుకుని గీసినా. డ్రాయింగులో అడుగుంటే దీంతో అడుగు కొలుస్తా, నూలు తనంతట అదే పెరిగిద్ది. నువ్వు దీంతోనే కొలిచి తగ్గించి రాస్తివి, నేను దీంతోనే పెంచితిని. ఇంకేముంది, మొదటికే వచ్చింది."

"తప్పు నాది బాబాయ్."

"నీదే. బల్ల మీద వదిలిపెట్టి పోయింది నేను. అది నాది. ఎన్ని తప్పులైతే అన్ని చేతులు పని జెయ్యాల. పా."

ప్యాటర్నులో నడిమి భాగం, అంచుని పట్టి ఉంచే ఆకులు అలాగే ఉంచి, అంచు, పళ్లు మళ్లీ చేయాలన్నాడు. నేను నా స్కేలుతో పాత చక్రాన్ని మళ్లీ కొలిచాను, ఒక్కో కొలత రెండుసార్లు. ఆయన పెంచే స్కేలుతో పలక మీద అసలు సైజులో వలయం గీస్తే, నేను పళ్లు విభజించాను. ఆదివారం సాయంత్రానికి ప్యాటర్ను అయింది. ఈసారి పాత చక్రం మీద పెడితే చుట్టూ ఒక నూలు బయటికి వచ్చింది. ఎవరూ మెచ్చుకోలేదు. ఆ రోజే కాలువకి వంతు మొదలైంది.

సోమవారం పోత పోశారు. బీడుని ఇసుకలోనే చల్లారనివ్వాలి, తొందరపడి తీస్తే పగులుతుంది. బుధవారం దాకా అది ఇసుకలో ఉంది. ఆ రెండు రోజులూ నా డైరీలో తేదీలు తప్ప ఏమీ లేవు. బుధవారం తీసి, ఇరుసు రంధ్రం లేతు మీద తొలిచి, గురువారం లాకు మీద ఎక్కించారు. పళ్లు పళ్లలో కూర్చున్నాయి. ఇద్దరు మనుషులు హ్యాండిలు తిప్పితే షట్టరు మూలిగి లేచింది.

తొమ్మిది రోజుల్లో నాలుగు పోయాయి. సంక్రాంతి ముందు కోటయ్య వర్క్‌షాపుకి వచ్చి మెట్ల దగ్గర నాకోసం ఆగాడు. పైమళ్లు పండాయని, దిగువ ఎకరం తాలు పోయిందని చెప్పాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఏఈ గారిచ్చిన మెమోకి నేను రాసిన సంజాయిషీ మూడు లైన్లు; అందులో "నా పొరపాటు" అనే మాట ఉంది.

పోయిన ఏడాది కాలేజీలో చూసిన త్రీడీ ప్రింటరు ఒక అల్మరా అంత ఉంది. సన్నటి ప్లాస్టిక్కు తీగను కరిగించి పొర మీద పొర వేసుకుంటూ వస్తువును కడుతుంది. మిక్సీ గుబ్బ, కుట్టుమిషను లోపలి చిన్న చక్రం, కాలు విరిగినవాళ్లకి పట్టీ, ఇలా బజార్లో దొరకనివన్నీ అందులో చేసుకోవడానికి ఊళ్లో వాళ్లు వస్తున్నారట. అక్కడి లెక్చరరు, ముప్పై ఏళ్ల అమ్మాయి, ఒక పాత మోటారు గేరుని స్కాన్ చేసి దాని నకలు తీసి చూపించింది. నకలుని అసలు మీద పెట్టింది. పన్నుకి పన్ను సరిపోయింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

నేను అడిగాను. "దీన్ని ఇలాగే బిగిస్తారా?"

"లేదు మేడమ్, ప్లాస్టిక్కు ఆగదు. దీన్నే ప్యాటర్నుగా ఫౌండ్రీకి పంపి బీడుతో పోయిస్తాం."

"అయితే సరిపోకూడదమ్మా."

ఆమె నన్ను చూసింది, గేరుని చూసింది. తర్వాత కంప్యూటర్లో సైజు అంకె కాస్త పెంచి, మళ్లీ ప్రింటు ఇచ్చింది. మేం టీ తాగి వచ్చేసరికి సగం గేరు లేచి ఉంది. మాకు మూడు రోజులు, ఒక రైతుకి ఎకరం వరి పట్టిన పని అది.

మిషను నలుగురి చేతుల పనిని ఒక్క పెట్టెలోకి తెచ్చింది. ముడుచుకోవడం మాత్రం బీడులోనే ఉంది. ఆ నలుగురిలో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట అడిగే ప్రశ్న ఇప్పుడు మిషను ముందు కూర్చున్న ఒక్కరే అడగాలి. ఆ అక్టోబరు తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను గీసిన ప్రతి డ్రాయింగు మూలనా కొలత కింద ఒక లైను అదనంగా రాశాను: ఏ స్కేలుతో కొలిచిందీ.