నాలుగు మళ్ల గోధుమ

శుక్రవారం పొద్దున దుకాణం తెరిచి గంట కూడా కాలేదు, మామ ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్తమ్మ పోయింది" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కాలేదు. "ఎటు పోయింది మామా?" అని అడిగాను. పక్కింటాయన మామ చేతిలోంచి ఫోన్ తీసుకుని చెప్పాడు. పొద్దున్నే గుండెల్లో నొప్పి అన్నదట. ఆటోలో హనుమకొండ దవాఖానకు తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

"ఎటు పోయింది" అని అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఆమె విషయంలో ఆ రోజు మొదలైన అయోమయం ఇంకా తీరలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణం. మా అత్తమ్మది రఘునాథపల్లి దగ్గర పల్లె. మూడెకరాల్లో పత్తి, వరి. అందరికీ ఉన్నట్టే. అందరికీ లేనిది ఒకటి ఉండేది ఆమె దగ్గర. బావి పక్కన ఇరవై గుంటల్లో, అంటే అరెకరంలో, గోధుమ వేసేది. మా దిక్కు గోధుమ ఎవరూ వెయ్యరు. చలి నాలుగు రోజులుంటుంది, సంక్రాంతి దాటితే ఎండ మొదలు. "వరంగల్ల గోధుమలేందే, నీకేమన్న పిచ్చా?" అని వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడి ఊరు. చిన్నప్పుడు వాళ్ల చేన్లలో గోధుమ పండేది. మామకు షుగర్ వచ్చి డాక్టర్ రాత్రిపూట అన్నం మానెయ్యమన్నాక, ఆమె పుట్టింటి నుంచి విత్తనాలు తెప్పించింది. "ఆయన తినే రొట్టె నా చేన్ల పిండితోటి అయితే నాకు ఫికర్ ఉండదు" అనేది.

ఆమెకు చదువు రాదు. సంతకం మాత్రం కష్టపడి నేర్చుకుంది. కానీ ఏ కంకికి ఎన్ని గింజలో, ఏ దుబ్బుకు ఎన్ని పిలకలో ఆమె తలలో ఉండేది. చేన్లోకి పోతే ముందు కంకి తెంపి అరచేతిలో నలిపేది, ఊక ఊదేది, గింజలను బొటనవేలితో ఒక్కొక్కటిగా పక్కకు జరుపుతూ లెక్కపెట్టేది. ఆ సమయంలో పలకరిస్తే జవాబు ఉండదు. మొదట్లో నామీద కోపమేమో అనుకునేవాణ్ని.

మూడేళ్ల కింద ఒక కంపెనీ మనిషి మా దుకాణానికి కొత్త సీసాలు తెచ్చాడు. బయోస్టిమ్యులెంట్ అన్నాడు. సముద్రపు నాచు నుంచి తీసిన సారం. వేళ్లు బాగా పోతాయి, ఎండకు మొక్క తట్టుకుంటుంది, గింజ నిండుతుంది. రంగు కాగితాల మీద ఫోటోలు కూడా ఉన్నాయి. గోధుమకు ప్రత్యేకంగా పనిచేస్తుందని ఒక కాగితం మీద ఉంటే నాకు అత్తమ్మ గుర్తొచ్చి, రెండు సీసాలు తీసుకుని పోయాను.

ఆమె సీసాను ఎండకు ఎత్తి చూసింది. చాయ డికాషన్‌లా ఉంది.

"ఇది ఎరువా?"

"కాదత్తమ్మా."

"పురుగుమందా?"

"అదీ కాదు."

"ఎరువూ కాక, మందూ కాక, మరేంది?"

"టానిక్ అనుకో."

"రోగం లేనోనికి టానిక్ ఎందుకు అల్లుడా?"

నేను కాగితంలో ఉన్నదంతా అప్పగించాను. ఆమె ఓపికగా విన్నది. చివరికి, "నువ్వు నమ్ముతానవా?" అని అడిగింది. నమ్ముతున్నానన్నాను. "నమ్ముడు వేరు, ఎరుక వేరు" అన్నది. సీసాలు మాత్రం తీసుకుంది.

ఆమె ఏం చేసిందో తర్వాత తెలిసింది. ఇరవై గుంటలను నాలుగు మళ్లు చేసింది. రెండు మళ్లకు నేనిచ్చిన మందు నీళ్లలో కలిపి కొట్టింది. మిగతా రెండింటికి అదే స్ప్రే పంపు కడిగి, అదే రోజు ఉత్త నీళ్లు కొట్టింది. ఉత్త నీళ్లు ఎందుకని అడిగితే నన్ను వింతగా చూసింది. "ఆకు తడిసినందుకు బాగయ్యిందో, మందుకు బాగయ్యిందో ఎట్ల తెల్వాలె మరి?"

ఏ మళ్లకు ఏది కొట్టిందో నాకు చెప్పలేదు. గుర్తు కూడా పెట్టలేదు. "నువ్వు అమ్మేటోనివి. చెప్తే నీ కన్ను అటే పోతది" అన్నది. మామకూ చెప్పలేదు. "ఆయన నీ అత్తగారింట్ల నీ దిక్కు మాట్లాడే ఒక్క మనిషి. నీకు చెప్పకుంట ఉంటడా?" అని నవ్వింది.

కంకి బయటికి రాబోయే పొట్ట దశలో నన్ను గట్టు మీద నిలబెట్టి అడిగింది, "చెప్పు, ఏది మందు మడి?" బావి పక్క మడి పచ్చగా, ఒత్తుగా ఉంది. వేళ్లు లోతుకు పోయాయి చూడు, ఆకు వెడల్పు చూడు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అంతా అయ్యాక, "అది నీళ్ల మడి" అన్నది. కానీ కోత అయ్యాక, మందు కొట్టిన రెండు మళ్లలోనే నాలుగు చాటల గింజలు ఎక్కువొచ్చాయి. నేను చెప్పింది తప్పు, నేను అమ్మింది ఒప్పు. సంతోషపడాలో వద్దో తెలియలేదు. ఆమె కూడా సంతోషపడలేదు. "ఆ రెండు మళ్ల మన్నే మంచిదేమో" అన్నది.

రెండో ఏడు మళ్లు మార్చింది. పోయినేడు నీళ్లు కొట్టిన వాటికి మందు, మందు కొట్టిన వాటికి నీళ్లు. ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరి నాలుగు మళ్లూ ఒకే తీరు ఎండిపోయాయి. గింజ సన్నబడింది. తేడా ఏమీ లేదు. కంపెనీ మనిషిని నేనే వెంటబెట్టుకుని చేనుకు పోయాను. అతను మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, మా మందు కొట్టకపోతే ఇంకా అధ్వాన్నంగా ఉండేది."

"కొట్టని మడి ఇగో, నీ ముంగటనే ఉన్నది బిడ్డా. అది ఎందుకు అధ్వాన్నం కాలె?" అన్నది అత్తమ్మ. గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతనికి చాయ పెట్టి, ఒక మూటలో కందులు కట్టిచ్చి పంపింది.

ఆ తర్వాతే నాతో ఒట్టు పెట్టించుకుంది. ఆమె చేన్లో చేసే పని చూసి ఊరి రైతులు నలుగురైదుగురు ఆ సీసాలు కావాలని అడగడం మొదలుపెట్టారు, వరికి, మక్కకు కొడదామని. "ఇంకో ఏడు చూస్తా. నేను అవునో కాదో చెప్పేదాక మా ఊరోళ్లకు అమ్మకు" అన్నది. సరేనన్నాను. అప్పుడు నా ముఖంలోకి చూసి, "వేరే ఊరోళ్లకు ఏం చెప్తానవ్?" అని అడిగింది.

అప్పటికే వేరే ఊళ్ల వాళ్లకు బ్రహ్మాండంగా పనిచేస్తుందని చెప్తుండేవాణ్ని. మా అత్తమ్మే గోధుమకు వాడుతోందని కూడా చెప్తుండేవాణ్ని. ఆ రోజు ఆమెకు అది చెప్పకుండా బండి స్టార్ట్ చేశాను. ఆమె కూడా మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఈ ఏడు మూడోసారి. చలి బాగా పడింది, కంకి బాగా వేసింది. చనిపోవడానికి రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం తనే ఫోన్ చేసింది. సాధారణంగా మా ఆవిడకు చేస్తుంది, నాకు చెయ్యదు.

"అల్లుడా, ఈసారి సంగతి తెలిసింది."

"ఏం తెలిసింది? పనిచేస్తాందా, లేదా?"

"గట్ల ఒక్క మాటల చెప్పేది కాదు. నేను అనుకున్నట్టు లేదు, నువ్వు చెప్పినట్టూ లేదు. వచ్చినంక చేన్ల చూపెడ్తా."

"జర ఫోన్ల చెప్పరాదత్తమ్మా."

"ఫోన్ల కంకి కనవడ్తదా? రా."

ఆదివారం వస్తానన్నాను. ఆదివారం నాటికి ఆమె పోయి మూడో రోజు.

దినాలు అయ్యాక కోత మీద పడ్డాయి మా చూపులు. గింజ రాలిపోయేలా ఉంది. మా ఆవిడ, నేను, ఎప్పుడూ అత్తమ్మతో పనికి వచ్చే ఒకామె కలిసి కోశాం. ఏ మడికి ఆ మడి వేరుగా కోసి, వేరుగా కొట్టి, వేరుగా తూకం వేశాం. మా ఆవిడకు ఆ పట్టింపు నచ్చలేదు. "అమ్మ పోతే నీకు ఇంకా సీసాల ముచ్చటేనా?" అన్నది. ఆమె అలా అనడంలో తప్పులేదు. నా దుకాణం కోసం చేస్తున్నానో, అత్తమ్మ కోసం చేస్తున్నానో నాకే స్పష్టంగా లేదు.

రెండు మళ్లు బాగా ఎక్కువ తూగాయి. బావి పక్కది ఒకటి, దానికి ఎదురుమూలది ఒకటి. అవి మందు మళ్లా, నీళ్ల మళ్లా? మూడో ఏడు మళ్లీ మార్చిందా, మార్చలేదా? మామను అడిగాను. "నాకు చెప్పదు గద బిడ్డా" అన్నాడు. పనికి వచ్చే ఆమెను అడిగాను. "నాలుగింటికీ కొట్టింది. పంపుల ఏం పోసిందో నేను చూడలె. నీళ్లు మోసుడే నా పని" అన్నది. గట్ల మీద వెతికాను. ఒక పుల్ల, ఒక గుడ్డపేలిక, ఒక రాయి ఏదైనా ఉంటుందేమోనని. ఏమీ లేదు. నన్ను నమ్మక గుర్తు పెట్టలేదని మొదట కోపం వచ్చింది. నన్ను నమ్మకపోవడమే న్యాయం కదా అనిపించి ఆ కోపమూ నిలబడలేదు.

ఇంకొక సంగతి నన్ను తొలుస్తోంది. "నేను అనుకున్నట్టు లేదు, నువ్వు చెప్పినట్టూ లేదు." అంటే ఏమిటి? ఒక మడిలో పనిచేసి ఒక మడిలో చెయ్యలేదా? గింజ పెరగలేదు కానీ గట్టిపడిందా? ఆమె కంకి నలిపి చూసిందేదో నేనూ చూడాలని, కోతకు ముందు నాలుగు మళ్లలోనూ కంకులు తెంపి అరచేతిలో నలిపాను. గింజలే కనిపించాయి. ఇరవై ఏళ్లుగా వ్యవసాయ దుకాణం నడుపుతున్న మనిషిని, నాకు గింజలే కనిపించాయి.

తూకం రోజు ఊరి రైతొకాయన కాంటా పక్కన నిలబడి అడిగాడు. "మీ అత్తమ్మ ఏమన్నది? కొనాల్నా, వద్దా?"

మందు మళ్లే ఎక్కువ తూగాయని అంటే నమ్ముతాడు. ఆమె పేరు మీద ఇంకా బాగా నమ్ముతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆమెకు తెలిసింది. నాకు తెల్వదు" అన్నాను.

"నువ్వే తెల్వదంటే ఎట్ల?"

"నిజంగనే తెల్వదన్నా. కావాలంటే ఒక సీసా ఉత్తగనే ఇస్తా. సగం చేనుకు కొట్టు, సగానికి నీళ్లు కొట్టు. నాకు మాత్రం చెప్పకు."

ఆయన నన్ను అనుమానంగా చూసి వెళ్లిపోయాడు. మొన్నటి నుంచి దుకాణంలో వేరే ఊళ్ల వాళ్లకు కూడా అదే చెప్తున్నాను. కొందరు సీసా అక్కడే పెట్టి పక్క దుకాణానికి పోతున్నారు. ఇది నిజాయితీయో, అమ్మడం చేతకాకపోవడమో నాకు తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఇటువంటివి అడగడానికి ఉన్న ఒక్క మనిషి ఆమే.

పోయిన ఆదివారం పోతే మామ డాబా మీద ఉన్నాడు. టార్పాలిన్ పట్టా పరిచి గోధుమలు ఎండబోస్తున్నాడు. నేను నాలుగు బస్తాలుగా వేరుచేసి పెట్టినవి విప్పి, అన్నీ ఒక్కచోటనే కుమ్మరించాడు. మెట్ల మీది నుంచి చూసి "మామా, ఆగు" అనబోయాను. అప్పటికే కలిసిపోయాయి. ఆయన పంచె పైకి చెక్కి, చెప్పులు విడిచి, గోధుమల్లోకి దిగాడు. అడుగు గింజ పైకి వచ్చేలా కాళ్లు ఈడుస్తూ మెల్లగా ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తున్నాడు. పాదాల వెనక రెండేసి చాళ్లు పడుతున్నాయి. కొసకు వచ్చి, తిరిగి, ఆ చాళ్ల పక్కనే మళ్లీ నడుస్తున్నాడు. నేను కూడా చెప్పులు విడిచాను. గింజలు ఎండకు కాగి ఉన్నాయి. ఆయన నన్ను చూసి, కొంచెం పక్కకు జరిగి నా కాళ్లకు చోటిచ్చాడు.