పొడుగాయన చెప్పిన కొండ

కొండ మీది గుడికి మెట్లెక్కలేనివాళ్లను డోలీలో మోసుకెళ్లడం పొడుగాయన పని. కుర్చీకి రెండు వెదురు బొంగులు, ముందొకరు, వెనకొకరు. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి ఒరగకూడదంటే పొడుగువాడు వెనకే ఉండాలి. అందుకని ముందు పొట్టివాడైన బావమరిది, వెనక ఈయన. బావమరిది దిక్కులు చూస్తూ, పాటలు పాడుకుంటూ ఎక్కేవాడు. ఈయనకు కనబడేది కూర్చున్నవాళ్ల మెడ. దిగేటప్పుడు ముందుండేది ఈయనే గానీ, మెట్టు మీంచి కన్ను తీస్తే అంతే సంగతులు. జన్మంతా కొండెక్కి కొండను సరిగ్గా చూడని మనిషి ఈయనొక్కడే అయివుంటాడు.

భార్య కొండ కింద లాడ్జీలో దుప్పట్లు ఉతికేది. పక్కనే ఉన్న కొండ కదా, ఎప్పుడైనా ఎక్కొచ్చులే అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి. సాయంత్రం ఆయన భుజానికి నూనె రాస్తూ, "ఇవాళ కొండెలా ఉందయ్యా?" అని అడిగేది. మెడల గురించి ఏం చెబుతాడు? రెండో మలుపులో జలపాతం ఉందని నోటికొచ్చింది చెప్పాడు. మర్నాడు దాని పక్కన తెల్లపూల చెట్టు మొలిచింది. ఇంకొన్నాళ్లకు నెమళ్లు వచ్చి నీళ్లు తాగాయి. ఆమె పొయ్యి మీద అన్నం సంగతి మరిచిపోయి వినేది. ఎంత చక్కటి సాయంత్రాలవి! ఇప్పుడు తలుచుకున్నా ఆయనకు ఆ మాడు వాసన ఇష్టమే.

తర్వాత రోప్‌వే వచ్చింది, డోలీలు అటకెక్కాయి. బావమరిది పోయాడు. ఒకరోజు ఆమె, "మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే నడిచి వెళ్దాం. నువ్వు చెప్పినవన్నీ చూడాలి" అంది.

పొడుగాయన గుండెల్లో రాయి పడింది. రోప్‌వేలో హాయిగా పోదామన్నాడు. ఎండన్నాడు, నడుం నొప్పన్నాడు. ఆమె వింటేగా. ఇన్నేళ్ల కోతలు ఒక్క పూటలో బయటపడతాయి, ఇక ఈ జన్మలో తన మాట నమ్మదు అనుకుంటూ ఆమె వెనకే మెట్లెక్కాడు.

రెండో మలుపులో ఎండిన బండ, దాని మీద ఒక మేక. అంతే.

"ఎండాకాలం కదా..." అని నీళ్లు నమిలాడు.

ఆమె బండ మీద కూలబడి మోకాళ్లు రాసుకుంది. "ఊరుకోవయ్యా. ఇక్కడేమీ లేదని మా తమ్ముడు ఎప్పుడో చెప్పాడు."

"మరి రోజూ ఎందుకు అడిగేదానివే?"

"పొద్దంతా మోసొచ్చి గోడకు చేరగిలబడేవాడివి. ఏం తింటావన్నా ఊఁ, ఎలా ఉన్నావన్నా ఊఁ. కొండ గురించి అడిగితేనే కదా నాతో నాలుగు మాటలు మాట్లాడేవాడివి."

పొడుగాయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మేక వాళ్లిద్దర్నీ చూసి లేచి పోయింది. ఆమె ఏమీ అడగకుండానే నోరు విప్పాడు.

"ఆ పై మెట్టు మీదే ఒకరోజు కాలు జారింది. లోయలోకి పోవాల్సినవాణ్ణి. ఇంటికొచ్చి నీకు నెమళ్ల కథ చెప్పాను."