అరంగుళం దిగువ

వీధి చివరి దర్జీ మెడలోంచి టేపు నిద్రలో తప్ప దిగదు. ఒంటరి మనిషి. పొద్దస్తమానం పరాయి ఒళ్లు కొలుస్తాడు గాని, తనను ముట్టుకునేది ఆ టేపొక్కటే. ఎవరైనా గుమ్మం ఎక్కేలోపే కంటితోనే కొలత పట్టేస్తాడు. ముఖాలు మాత్రం గుర్తుండవు. బట్ట కొనడానికి పొరుగూరు వెళ్లినప్పుడు లాడ్జిలో పరిచయమైన ఒకావిడతో రాత్రి గడిపాడు. పేరూ ఊరూ ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు. తెల్లారాక భయం పట్టుకుంది. వేసిన కుట్టే విప్పి మళ్లీ వేసేవాడు. చివరికి ఆసుపత్రికి వెళ్లాడు.

"కండోమ్ వాడారా అన్నా?" అంది నర్సు, జ్వరముందా అని అడిగినంత మామూలుగా.

"లేదమ్మా."

"మంటగానీ పుండ్లుగానీ?"

"లేవు."

"రక్తం తీస్తాను. ఇంత త్వరగా అన్నీ బయటపడవు, ఇంకోసారి రావాలి. ఏదైనా తేలితే ఆవిడకీ చెప్పాలి. ఎవరావిడ?"

దర్జీ మెడలోని టేపు తడుముకున్నాడు. "భుజం పద్నాలుగంగుళాలమ్మా. ఎడమది అరంగుళం దిగువ."

నర్సు నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

ఆనాటి నుంచి దారిన పోయే ఆడవాళ్ల భుజాలు చూస్తూ మిషన్ ఆపేవాడు. రెండో పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. "నిశ్చింతగా ఉండండన్నా, ఇక ఆవిడకి చెప్పాల్సిన పని లేదు," అంది నర్సు. అతను తలూపి వచ్చేశాడు.

వీధిలో అడుగుల చప్పుడైతే మిషన్ ఇప్పటికీ ఆగుతోంది.