దిగువమూల సందు

నేను ఆదోనిలో పరుపులు కుట్టే ఇంట్లో పుట్టాను. దూదేకులవాళ్ళం. మా నాన్న పాత పరుపు విప్పితే చాలు, లోపలి పొరలు చూసి ఇది మొదట వేసిన దూది, ఇది పెళ్ళికి ముందు కలిపింది, ఇది ఎవడో మోసం చేసి కూరిన చెత్త అని చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని ఒక్కో పొరనూ వేలితో పొడిచి చూసేదాన్ని. ఏ వస్తువు చూసినా లోపల ఏముందో విప్పి చూడాలనే గుణం నాకు అక్కడే అంటుకుంది. దాంతోపాటు కోపం కూడా కాస్త ఎక్కువే వచ్చింది గానీ, దాని సంగతి మా ఆయనను అడగాలి.

అలాంటిదాన్ని తీసుకొచ్చి తుంగభద్ర ఒడ్డున, మాధవరం దగ్గర ఇచ్చారు. ఆదోనిలో మేము నీళ్ళను బిందెల లెక్కన చూసినవాళ్ళం. కొళాయి వచ్చే రోజు వీధి వీధంతా పనులు మానుకుని కాచుకునేది. ఇక్కడేమో ఇంటి వెనక చేను, చేను వెనక నది. ఎండాకాలంలో దాంట్లో బండలూ ఇసుకా తప్ప ఏమీ ఉండవు. వానాకాలంలో ఎగువన డ్యాం గేట్లు ఎత్తారంటే మర్నాటికి అవతలి ఒడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అత్తమ్మకు ఉన్నది నది పక్కన ఆ రెండెకరాలే. మామ పోయి చాలా కాలమైంది. మా ఆయన ఎమ్మిగనూరులో వ్యాను తోలుతాడు, ఆ డబ్బు పైఖర్చులకూ, హాస్టల్లో ఉండి చదివే మరిది ఫీజులకూ సరిపోతుంది. ఏడాది పొడవునా వండుకునే బియ్యం మాత్రం ఆ చేనే ఇవ్వాలి. నది ఒకసారి వచ్చి పోయాకే దాంట్లో నాట్లు వేసేవాళ్ళు. అంతవరకు నారు ఇంటి పక్క మెరకలో పెరిగేది, చేను ఖాళీగా ఉండేది.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు నది పెద్దగా రాలేదు. గట్టు కిందిదాకా వచ్చి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ నీళ్ళను చూస్తే మనసు ఆగలేదు. ఊరగాయ సీసా ఖాళీ చేసి ముంచుకొచ్చి కిటికీలో పెట్టాను. పొద్దున లేచి చూస్తే అడుగున వేలి మందాన ఇసుక, దాని మీద వెన్నలాంటి మెత్తటి ఒండ్రు, ఆపైన తేట నీళ్ళు. సీసా గట్టిగా తిప్పితే ఇసుక లేచేది. తిప్పడం ఆపగానే ముందు ఇసుక దిగేది, ఒండ్రు మాత్రం తీరిగ్గా, తనకేం తొందర లేనట్టు దిగేది. నేను వారం రోజులు దాన్నే తిప్పుతూ కూర్చున్నాను.

"ఊరగాయ యాడ పెట్టినావమ్మా?" అని అడిగింది అత్తమ్మ.

"గిన్నెలో ఉందత్తమ్మా."

"నీకన్నీ సూడాల్నే," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అత్తమ్మ తక్కువ మాటల మనిషి. అడిగిన దానికి జవాబు చెప్పేది గానీ, అడగనిది చెప్పేది కాదు. నేనేమో అడగడం మానేదాన్ని కాదు. చేను చుట్టూ ఉన్న గట్టు గురించి ఎన్ని అడిగానో! నది వచ్చే వైపు, అంటే ఎగువమూల, గట్టు ఎత్తుగా, రాళ్ళు పేర్చి ఉండేది. కిందికి పోయేకొద్దీ తగ్గుతూ దిగువమూలకు వచ్చేసరికి గట్టే లేదు. ఎద్దులబండి పట్టేంత సందు. ఇంత కట్టి అంత వదిలేశారేమని నా ఒళ్ళు మండేది. మామ పోయాక మగదిక్కు లేని ఇల్లని కూలీలు సగం పని చేసి పోయి ఉంటారని, ఈమె మెత్తదనం చూసి మోసం చేశారని నాకు నేనే తేల్చుకున్నాను.

"దిగువమూల గట్టు ఎందుకు కట్టలేదు అత్తమ్మా?"

"అది అట్లనే ఉండనీ."

రెండోసారి అడిగినా అదే మాట. ఇంకోసారి, మోటారు కోసం స్తంభం పాతడానికి గుంత తవ్వుతుంటే మోచేయి లోతున ఒక ఇసుక పొర కనిపించింది. పైనా కిందా నల్లటి ఒండ్రు, మధ్యలో జానెడు మందాన తెల్లటి ఇసుక. పరుపు మధ్యలో ఎవరో రంపపు పొట్టు కూరినట్టుంది. ఇది ఏ ఏటిదని అడిగాను. "ఎప్పుడో వచ్చిండాది, పూడ్చు," అని అత్తమ్మ పార నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నాకు చిరాకేసింది. అడిగిందానికి జవాబు చెబితే ఈమె సొమ్మేం పోతుందని గొణుక్కున్నాను.

రెండో ఏడు వానలు మొదలయ్యాక, నది ఇంకా రాకముందు, అత్తమ్మ మద్దికెరలో కూతురి ఇంటికి పోయింది. వారం రోజులు రాదు. ఆమె తిరిగి వచ్చేలోగా ఆ సందు మూసి ఆమెను సంతోషపెడదామని నాకు బుద్ధి పుట్టింది. నాన్నకు ఫోన్ చేస్తే ఆదోని నుంచి చిరుగుపట్టిన పత్తి బోరాలు కట్టగట్టి పంపించాడు. మనిషి నిలబడితే భుజాల దాకా వచ్చే పెద్ద సంచులు. మెట్టచేల ఊళ్ళ నుంచి నలుగురు కూలీలను పిలిచాను. పత్తి, శనగ తెలిసినవాళ్ళే గానీ నది సంగతి వాళ్ళకూ నాకూ సమానంగానే తెలుసు. ఇసుక నింపి, నాన్న పరుపుకు వేసే పెద్ద కుట్టు వేసి, బోరా మీద బోరా పేర్చాం. మూడు రోజులకు సందు మాయమైంది. ఎంత అందంగా ఉందో! నేను దాని మీద నడిచి, గెంతి, కదలదని తేల్చుకున్నాను.

పక్క చేను అన్న వచ్చి కాసేపు చూశాడు. "అత్తకు సెప్పినావామ్మా?" అన్నాడు.

"చెప్పకుండా చేస్తేనే కదన్నా సంతోషం," అన్నాను.

ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంటి ఆడవాళ్ళ మధ్య మనకెందుకు అనుకున్నాడేమో.

నాలుగో రోజు మా ఆయన ఫోన్ చేశాడు. డ్యాం గేట్లన్నీ ఎత్తారట, రేపు మధ్యాహ్నానికి నీళ్ళు ఇక్కడికి వస్తాయట, అమ్మకు కూడా చెప్పాడట. నాకు భయం వేయలేదు. పైగా నా గట్టు సత్తా చూద్దామని ఉబలాటంగా ఉంది.

అత్తమ్మ మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వచ్చేసింది. సంచి వాకిట్లో పడేసి నేరుగా చేనికి నడిచింది. నేను వెనకే నవ్వుకుంటూ పోయాను. దిగువమూలకు వచ్చి ఆగిపోయింది. అప్పటికే నది గట్టు అడుగు తాకుతోంది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

"ఎవరు మూసినారు?"

"నేనే అత్తమ్మా..."

ఆమె చెప్పులు వదిలి నీళ్ళలోకి దిగి, బోరాను పట్టుకుని లాగింది. కదల్లేదు. "తియ్యి, తియ్యి! కొడవలి త్యా!" అని అరిచింది. ఆమె అరవడం నేను వినడం అదే మొదటిసారి. ఇంటికి పరుగెత్తి రెండు కొడవళ్ళు తెచ్చాను. నేను కుట్టిన కుట్లు నేనే కోశాను. పక్క చేను అన్న పార పట్టుకుని వచ్చాడు. ఇసుక కారుతోంది గానీ నీళ్ళలో నానిన బోరాలు ఒకదాన్నొకటి పట్టుకుని వదలడం లేదు. ఎందుకు తీస్తున్నామో నాకు ఇంకా అర్థం కాలేదు. అన్నే పార వేస్తూ రొప్పుతూ చెప్పాడు.

"ఈ సందులోంచి నీళ్ళు ఎనక్కి తిరుక్కోని మెల్లగా లోపలికి వస్తాయమ్మా. లోపల నిండినాక పైగట్టు మీద పొర్లినా ఏం కాదు. నువ్విది మూస్తే లోపల ఖాళీ. నది పైనుంచి దూకుతాది."

అప్పుడు నా కిటికీలోని సీసా గుర్తొచ్చింది. తిప్పితే లేచే ఇసుక, నిలిస్తే దిగే ఒండ్రు. ఏడాదంతా ఆ సీసాను చూసినదాన్ని, చేనంటే అదే సీసా అని మాత్రం నాకు తట్టలేదు. ఇంత విప్పి చూడడమూ, ఇన్ని ప్రశ్నలూ ఎందుకు పనికొచ్చాయని నా మీద నాకే అసహ్యం వేసింది.

సందు సగం తెరిచాం. నీళ్ళు లోపలికి పాకడం మొదలైంది. ఇంకా నాలుగు బోరాలు మిగిలి ఉండగా ఎగువమూల నుంచి రాళ్ళు దొర్లిన చప్పుడు వచ్చింది. అన్న మా ఇద్దరి చేతులూ పట్టుకుని మెరక మీదికి లాగాడు. అక్కడినుంచి చూశాం. పైగట్టు తెగి, నది చేనులోకి దూకుతోంది. అత్తమ్మ కింద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును, కాళ్ళు పట్టుకునే అవకాశమైనా ఉండేది.

నీళ్ళు తగ్గడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను అన్నం వండి పెట్టేదాన్ని, ఆమె తినేది. ఇంటి పక్క నారు పచ్చగా, ఏమీ ఎరగనట్టు పెరుగుతోంది.

నాలుగో రోజు చేనికి పోయాం. కింది ఎకరం పైచిలుకు నేల మీద ఒండ్రు నునుపుగా పరుచుకుని ఉంది. మేము తెరిచిన సగం సందు దాన్ని కాపాడింది. పైభాగమంతా మోకాలి లోతు ఇసుక మేట. ఏడాది బియ్యంలో మూడోవంతు పైనే ఆ ఇసుక కింద ఉంది. గట్టు తెగిన చోట నది నడుము లోతు గుంత కోసింది. ఆ బాధలోనూ నా పాడు గుణం ఊరుకోలేదు. గుంతలోకి దిగాను. కోసిన మట్టిగోడ పొరలు పొరలుగా ఉంది. అందులో అదే ఇసుక పొర, స్తంభం గుంతలో చూసినదే. ఇక్కడ మాత్రం జానెడు కాదు, మూరెడు మందాన ఉంది. మా కొత్త మేటకు అక్కలాగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి పైకి చూశాను. అత్తమ్మ గుంత అంచున నిలబడి ఉంది.

"అది నాది," అంది.

నాకు అర్థం కాలేదు.

"నేను వచ్చిన యేడు. మట్టితో మూసినా. మా అత్త ఊర్లో ల్యాకపోతే, సూసి సంతోషపడతాదని."

నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. దుఃఖమో కోపమో తెలియలేదు, రెండూ అనుకుంటాను. "రెండుసార్లు అడిగాను కదత్తమ్మా. ఒక్క మాట చెప్పి ఉంటే మూసేదాన్నా?"

"ఎందుకు మూయగూడదో సెప్పాలంటే, యట్ల తెలిసిందో సెప్పాల. మా అత్త సచ్చేదాకా దెప్పిపొడిసింది. వచ్చినోళ్ళకంతా సూపించేది, మా కోడలు తెచ్చిన ఇసుక సూడండి అని. మళ్ళా నా కోడలి ముందర ఆ మాట ఎత్తేకి నోరు రాల్యా." చెయ్యి చాపింది. "నేను నిన్ను దెప్పను. పైకి రా."

ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాను. ఆమె చెయ్యి చిన్నది, గట్టిది. ఆ మధ్యాహ్నమే మిగిలిన బోరాలు లాగి పారేశాం. ఉన్నంతలో నాట్లు వేశాం. ఆ ఏడు చివరి నెలలు బియ్యం కొనుక్కుని తిన్నాం. ఇసుక మేట మీద దోసపాదులు పెట్టాం, కాయలు బాగానే కాశాయి. అత్తమ్మ మాట మీద నిలబడింది, ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. నేనే అప్పుడప్పుడు ఆ ఇసుక చూసి నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఈ ఏడు మా మరిది పెళ్ళయింది. తోటికోడలిది మెట్ట ఊరు, సి.బెళగల్ వైపు. చురుకైన పిల్ల. వచ్చి నాలుగు రోజులు కాలేదు, చేనంతా తిరిగి చూసి దిగువమూల దగ్గర నిలబడింది. గట్టు మీద గడ్డి కోస్తున్న మా ఇద్దరినీ చూసి, "ఇంత పెద్ద సందు ఎందుకు వదిలేసినారక్కా? మూసేద్దామా?" అని అడిగింది.

నేను కొడవలి పక్కన పెట్టి నోరు తెరవబోయాను. అత్తమ్మ నాకంటే ముందే గట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"రామ్మా, ఇట్ల కూసో, సెప్తా," అంది. "ఒగసారి నేను మూసినా."