మీసాల అత్త

ఆ మధ్యాహ్నం మల్కాపురం బస్సులో ఉన్నది పదకొండుమంది ప్రయాణికులం, ఒక డ్రైవరు, ఒక కండక్టరు, నా ఒళ్లో టేప్ రికార్డరు, అందులో ఒక హాస్య సంగీత నాటకం క్యాసెట్టు. గయ్యాళి అత్త పాటకి టేపులో జనం ఒకసారి వన్స్‌మోర్ కొట్టారు, బస్సులో అందరూ నవ్వారు.

"ఆ అత్త నానే బాబూ," అన్నాడు పక్కసీటు పెద్దాయన. "క్యాసెట్టు అట్ట మీద నా పేరెయ్యలేదు."

"మీసాల అత్తేటి మావా!" అని వెనక నుంచి ఒకతను వెక్కిరించాడు.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. నేను టేపు ఆపి, "తర్వాతి చరణం మీరు పాడండి," అన్నాను.

ఆయన కండువాని కొంగులా తలమీద కప్పుకుని అందుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గానీ విరుపులన్నీ టేపులోవే. వెక్కిరించినతనే ముందుగా "వన్స్‌మోర్!" అని అరిచాడు. మూడు వన్స్‌మోర్లు పడ్డాయి, మూడుసార్లూ ఆయన మళ్లీ పాడాడు.

ఆయన దిగిపోయాక, పేరు అడగలేదని గుర్తొచ్చింది. అట్ట మీద తెలిసినంతే రాశాను: మీసాల అత్తకి క్యాసెట్టులో వన్స్‌మోర్ ఒకటి, బస్సులో మూడు.